రెండో కన్ను

"ఫోటో ఎప్పుడు తీశారు?" అని అడిగాడు రాజుగారి ప్లీడరు.

"మూడేళ్ళ కిందట కార్తీకంలోనండి," అంది గంగారత్నం.

"ఇందులో ఉన్నదెవరు?"

"మా నాన్నండి. సూర్రావు."

"కూర్చున్నాడా, పడుకున్నాడా?"

గంగారత్నం బోనులోంచి తన ప్లీడరు నిత్యానందంగారి వైపు చూసింది. ఆయన కాగితాలు తిరగేసుకుంటున్నాడు. ఫోటో రాజుగారి ప్లీడరు చేతిలోనే ఉంది, అందరికీ కనబడుతూనే ఉంది. కనబడుతున్నదాన్ని ఎందుకు అడుగుతున్నాడో ఆమెకి తెలియలేదు.

"కూర్చునే ఉన్నాడండి."

"కళ్ళు?"

"తెరిచే ఉన్నాయండి."

"ఇందాక ఏం చెప్పావు? ఆ ఏడు ఉగాది నాటి నుంచీ మీ నాన్నకి పక్షవాతం, మంచం దిగలేదు, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయేవాడు, అందుకని ఆషాఢంలో మా సత్తిరాజుగారి ఇంటికొచ్చి కాగితం మీద వేలిముద్ర వెయ్యలేదు, అన్నావా లేదా?"

"అన్నానండి. నిజమేనండి."

"కూర్చోలేని మనిషి కార్తీకంలో కుర్చీలో కూర్చుని కళ్ళు తెరిచి చూస్తున్నాడు. అదీ నిజమే?"

"అదీ నిజమేనండి."

వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. జడ్జీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ కాగితంలో ఉన్నది ఇంతే. కొల్లేట్లో సూర్రావు గుడిసె వేసుకుని, చేపలు ఎండబెట్టుకునే దిబ్బని తన ఇష్టప్రకారం సత్తిరాజుగారికి వదిలేశాడు. రాజుగారు ఆ దిబ్బ చుట్టూ గట్టు వేసి చేలో కలుపుకుంటానని మనుషుల్ని పంపితే, సూర్రావు కూతురు గంగారత్నం ఏలూరు వచ్చి దావా వేసింది.

"ఈ కుర్చీ ఎవరిది?"

"రాజుగారిదేనండి. చేతుల మీద సింహాలుంటాయి."

"చాలు," అని ఆ ప్లీడరు జడ్జీగారి వైపు తిరిగాడు. "ఫోటో తీసింది కార్తీకంలో కాదండి, ఆషాఢంలో. సూర్రావు కాగితం రాసిచ్చిన రోజున మా క్లయింటు తన ఇంట్లో తన కుర్చీలో కూర్చోబెట్టి తీయించారు. ఈవిడ నెల మరిచిపోయి ఉండొచ్చు. కుర్చీ మాత్రం రాజుగారిదని ఒప్పుకుంది. ఫోటో దాఖలు చేసింది కూడా వాళ్ళే."

బోను దిగుతుంటే గంగారత్నానికి మెట్టు కనబడలేదు. మొగుడు బంగారురాజు చెయ్యి అందించాడు.

"సరిగ్గానే చెప్పాను కదా మావా?"

"అన్నీ సరిగ్గానే చెప్పావే," అన్నాడు బంగారురాజు. "వాళ్ళు నవ్వింది ఎందుకో మరి."

నిత్యానందంగారి ఆఫీసు ఆయన ఇంటి వరండాలోనే. కోటు మేకుకి తగిలించి ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గంగారత్నం మెట్టు మీద కూర్చుంది. బంగారురాజు నిలబడ్డాడు.

"గుడిసె చూరు కనబడుతోంది కదాని ఆ ఫోటో దాఖలు చేశానమ్మా. ఆ దిబ్బ మీద మీరు కాపురం ఉన్నారని చెప్పడానికి. చూరంటే రాజుగారి గొడ్లపాక చూరు కావచ్చు అంటున్నాడు అవతలి ప్లీడరు. ఇప్పుడది మన మెడకే చుట్టుకుంది. మంచం దిగలేదన్న మనిషి కుర్చీలో ఎలా కూర్చున్నాడు?"

"మేం కూర్చోబెట్టామండి. వీపు వెనకాల తెడ్డు నిలబెట్టి, పైపంచెతో కట్టాం."

"కూర్చోబెడితే ఒరిగిపోయేవాడన్నావు."

"బతికున్నప్పుడు ఒరిగిపోయేవోడండి. పోయాక బిగుసుకున్నాడు కదండీ."

నిత్యానందంగారు కలం మూత పెట్టబోయి ఆగిపోయాడు.

"ఈ ఫోటోలో మీ నాన్న చనిపోయి ఉన్నాడా?"

"పోయిన రోజున తీయించిందేనండి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

గంగారత్నం ఆయన వైపు, తరవాత మొగుడి వైపు చూసింది. "మీకు తెలుసు అనుకున్నానండి. బతికున్నోళ్ళకి ఎవరు తీయిత్తారండి ఫోటో?"

"మా దిబ్బల మీద ఫోటోలున్న ఇళ్ళు ఉన్నాయండి," అన్నాడు బంగారురాజు. "అన్నీ పోయినోళ్ళవే. ఉన్నోళ్ళు ఎదురుగా కనబడతానే ఉంటారు గదండీ."

ప్లీడరుగారి వెనక గోడకి ఆయన పెళ్ళి ఫోటో ఉంది. ఆయనా భార్యా దండలతో కూర్చుని చూస్తున్నారు. బంగారురాజు దాన్ని అప్పుడే గమనించి చూపు తిప్పేసుకున్నాడు.

"కళ్ళు ఎలా తెరుచుకున్నాయి మరి?"

"ఫోటో ఆయన తెరిపించారండి. కళ్ళు మూసుకునుంటే చూళ్ళేనని మా అమ్మ ఏడ్చింది. ఫోటో కాగితం వచ్చేసరికి తెరిచే ఉన్నాయి."

"కుర్చీ?"

"మాకు కుర్చీ ఎక్కడిదండీ? రాజుగారిని అడిగితే గుమాస్తా చేత పంపించారు. ఆ గుమాస్తా మా నాన్నని సర్దుతా ఎడం చెయ్యి కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. శవం చెయ్యి తుడిచాడు, మంచి మనిషి అనుకున్నాను."

నిత్యానందంగారు తన ఎడం బొటనవేలు చూసుకున్నాడు.

"ఆ కుర్చీ ఇప్పుడెక్కడుంది?"

"శవం కూర్చున్న కుర్చీ ఇంట్లోకి రానిత్తారా అండీ? గట్టు మీదే తగలేయించారు."

"ఫోటో తీసిన మనిషి ఎవరు?"

"తాడేపల్లిగూడెంలో సూర్యనారాయణగారండి."

"ఆయన వచ్చి పోయిన మనిషికే తీశానని ఒక్క మాట చెప్పాలి. చెబితే ఆ కుర్చీ కథ నిలవదు, కాగితమూ నిలవదు. చెప్పకపోతే దిబ్బ లేదు. వెళ్ళి కనుక్కోండి. సమన్లు నేను వేయిస్తాను."

మర్నాడు పొద్దున్న బండికి వాళ్ళిద్దరూ తాడేపల్లిగూడెం వెళ్ళారు. సూర్యనారాయణ స్టూడియో స్టేషను వీధిలో ఉంది. అద్దాల బీరువా నిండా పెళ్ళి ఫోటోలే. తణుకు నించి వచ్చిన ఒక పెద్దమనిషి బెంచీ మీద కూర్చుని మాఘంలో చెయ్యబోయే కూతురి పెళ్ళికి ఎన్ని ఫోటోలు కావాలో చెబుతున్నాడు. సూర్యనారాయణ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఒక ఫోటో కాగితం మీద కుంచెతో పని చేస్తూనే ఊఁ కొడుతున్నాడు. పక్కన పింగాణీ సాసరులో నీళ్ళు, రెండు రంగు బిళ్ళలు, కాస్త దూది.

"రండమ్మా. ఎవరికి తీయించాలి?"

"తీయించడానికి కాదండి. మా నాన్న ఫోటో తీశారు మీరు. కొల్లేట్లో, మూడేళ్ళ కిందట. కోర్టులో కావలసొచ్చింది."

"ఎంతోమందికి తీస్తుంటానమ్మా. ఏం శుభకార్యం?"

"శుభకార్యం కాదండి. ఆయన పోయినప్పుడు."

కుంచె ఆగింది. బెంచీ మీద పెద్దమనిషి చుట్ట నోట్లోంచి తీశాడు.

"నువ్వు ఎవరినో అనుకుని వచ్చావమ్మా," అన్నాడు సూర్యనారాయణ. "అలాంటివి నేను తీయను."

"మా దోనెలోనే కదండీ వచ్చారు?" అన్నాడు బంగారురాజు. "కెమెరా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఊపుకి కక్కుకుంటే నేనే నీళ్ళిచ్చాను. గుర్తు లేదా అండీ?"

"నేను దోనె ఎక్కను బాబూ. నాకు పడదు."

"పడదనే కదండీ చెబుతున్నాను."

పెద్దమనిషి నవ్వలేదు. "ఏవండీ సూర్యనారాయణగారూ, ఈ కెమెరాతో శవాలకి కూడా తీస్తారా? మా అమ్మాయి పెళ్ళండీ."

"అబ్బెబ్బే. నేను పుట్టి బుద్ధెరిగాక తీయలేదండి. వీళ్ళు పొరబాటు పడ్డారు."

సూర్యనారాయణ మళ్ళీ తల వంచాడు. గంగారత్నం అక్కడే నిలబడి ఆయన చేతులు చూస్తోంది. ఆ కాగితం మీద ఒక పెళ్ళికూతురు. ఫోటో తీసే మెరుపు మందు వెలిగినప్పుడు కాబోలు, రెప్పలు వాల్చేసింది. ఆయన ఆ రెప్ప మీద తెల్లగా ఒక మెరుగు పెట్టి, నల్ల రంగు అందుకుని పాప గుండ్రంగా తిప్పాడు. చుక్క పక్కకి జరిగింది. దూది తడిపి ఒక్కసారి అద్దాడు. కన్ను పోయింది, రెప్ప మిగిలింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

"వెళ్దాం పదవే," అన్నాడు బంగారురాజు.

వాళ్ళు వీధిలోకి వచ్చాక సూర్యనారాయణ గుమ్మం దాకా వచ్చాడు. కుంచె చేతిలోనే ఉంది.

"సమన్లు వస్తే వస్తానమ్మా, నేను రాకపోతే ఊరుకోరుగా," అన్నాడు గొంతు తగ్గించి. "వచ్చి మాత్రం ఏం చెప్పమంటావు? మాఘం దగ్గరికొచ్చింది. నాకున్నది ఒక్కటే కెమెరా."

లోపలి నించి పెద్దమనిషి దగ్గు వినబడింది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

రైలు పెట్టెలో కూర్చున్నాక గంగారత్నం అడిగింది. "ఆయనే కదా మావా?"

"ఆయనే. ఆ కక్కు నా కాలి మీద పడింది, నేనెలా మరిచిపోతాను?"

"మరి అంత నమ్మకంగా కాదంటంటే, నాకే అనుమానం వచ్చేసింది."

భీమడోలు స్టేషనులో దిగి, గుండుగొలను దాకా నడిచి, అక్కడ కాలవలో కట్టేసిన దోనె విప్పుకున్నారు.

దిబ్బ మీద ఇంట్లో, గోడకి ఖాళీ ఫ్రేము ఉంది. ఫోటోని ప్లీడరుగారు ఊడదీయించి కాగితం ఒక్కటీ కోర్టులో ఇచ్చాడు. ఫ్రేము, అద్దం తిరిగొచ్చాయి. అద్దం మీద కుంకంబొట్టు అలాగే ఉంది. మనిషి నుదురు ఉండే చోటున, వెనకాల చెక్క మీదే బొట్టు ఉన్నట్టు కనబడుతోంది.

గంగారత్నం తల్లి అచ్చాయమ్మ చాప మీద కూర్చుని ఎండిన చిత్తడాయ చేపలు పళ్ళెంలో ఏరుతోంది. చూపు తగ్గింది గాని వేళ్ళకి తెలుస్తుంది.

"నాన్నని తేలేదా?"

"ఇంకా ఇవ్వలేదమ్మా."

"పొద్దున్న లేచి అటు చూత్తే ఎవరూ చూడ్డం లేదే. ఏదోలాగుంది."

గంగారత్నం కాళ్ళు కడుక్కుని వచ్చి తల్లి పక్కన కూర్చుంది. పళ్ళెంలో చెయ్యి పెట్టింది గాని ఏరలేదు.

"అమ్మా, నాన్న కళ్ళు ఎలాగుండేవి?"

"ఎలాగుంటాయి? ఫోటోలో ఉన్నట్టే."

"ఫోటోలో చారెడేసి ఉన్నాయి కదా."

"ఉంటే? చారెడేసే."

గంగారత్నానికి జ్ఞాపకం ఉన్న తండ్రి, కళ్ళు చికిలించి చూసే మనిషి. పొద్దస్తమానం నీళ్ళ మీద ఎండ కొట్టి, రెప్పల మధ్య గీత మాత్రం కనబడేది. ఆ గీతలోంచే వల ఎక్కడ బరువెక్కిందో చూసేవాడు. ఫోటోలో చూసేది ఆయన కాదని ఆమెకి మొదటి రోజే అనిపించింది. పోయిన మనిషి అలా మారతాడేమో అనుకుంది. ఆయన పోయినప్పుడు తను ఆకివీడు సంతలో ఉంది. వచ్చేసరికి స్నానం చేయించేశారు, తల్లే కళ్ళు మూసేసింది. ఆఖరున ఎలా చూశాడో తను చూడలేదు. ఇప్పుడు తల్లికీ జ్ఞాపకం లేకపోతే ఎవరి మాట నిజం?

"ఆ బొట్టు అద్దం మీద పెట్టమని ఎవరు చెప్పారే మనకి?" అంది అచ్చాయమ్మ ఉన్నట్టుండి. "ఎదురింటోళ్ళు కాగితం మీదే పెడతారు."

"ఫోటో ఆయనే చెప్పాడమ్మా. మొహానికి తడి తగలనివ్వద్దు అన్నాడు..."

గంగారత్నం ఆగిపోయింది. పళ్ళెంలోంచి చెయ్యి తీసి, వేళ్ళ వంక చూసుకుని, కొంగుకి తుడుచుకుంది. తల్లి ఏమిటని అడిగితే ఏమీ లేదంది.

వాయిదా రోజున సూర్యనారాయణ కోటు వేసుకుని వచ్చాడు. బోనెక్కి ప్రమాణం చేశాడు. ఫోటో చేతికిస్తే వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పి చూశాడు.

"ఇది మీరు తీసిందేనా?" అని అడిగాడు నిత్యానందంగారు.

"వెనకాల నా ముద్ర ఉందండి. నాదే అయి ఉంటుంది."

"ఎప్పుడు తీశారు?"

"గుర్తు లేదండి."

"ఎక్కడ తీశారు?"

"అదీ గుర్తు లేదండి. కుర్చీ చూస్తే పెద్దల ఇల్లు లాగుంది."

"తీసేటప్పటికి ఈ మనిషి బతికున్నాడా?"

సూర్యనారాయణ ఒక క్షణం గంగారత్నం కూర్చున్న వైపు చూసి, మళ్ళీ ఫోటో వైపు చూశాడు. "కళ్ళు తెరిచే ఉన్నాయి కదండీ. పోయిన వాళ్ళకి నేను తీయనండి."

రాజుగారి ప్లీడరు లేచి, తనకి అడగవలసింది ఏమీ లేదని చెప్పి కూర్చున్నాడు. ముందు బల్ల మీద సత్తిరాజుగారు ఉత్తరీయం సర్దుకున్నారు. నిత్యానందంగారు నిలబడే ఉన్నాడు.

గంగారత్నం లేచింది. బంగారురాజు కొంగు పట్టుకోబోయాడు, అందలేదు.

"అయ్యా, ఒక్కసారి ఆ ఫోటో నా చేతికి ఇప్పించండి."

బంట్రోతు కసిరాడు. నిత్యానందంగారు వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు. ఏం చేస్తుందో ఆయనకీ తెలియదు. అయినా, గంగారత్నాన్ని ఇంకోసారి విచారించడానికి అనుమతి కావాలని అడిగాడు. జడ్జీగారు సరే అన్నారు. సూర్యనారాయణ దిగి పక్కన నిలబడ్డాడు. గంగారత్నం బోనెక్కింది. ఫోటో ఇచ్చారు.

"కొంచెం నీళ్ళు ఇప్పించండి."

దాహమనుకుని బంట్రోతు గ్లాసు తెచ్చిచ్చాడు. ఆమె తాగలేదు. కొంగు చివర నీళ్ళలో ముంచి, పిండి, వేలికి చుట్టుకుని ఫోటోలో తండ్రి కుడి కన్ను మీద పెట్టింది. రాజుగారి ప్లీడరు ఏదో అంటూ లేచాడు. కోర్టు గుమాస్తా చెయ్యి చాచాడు. అప్పటికే ఆమె ఒకసారి ఇటూ ఒకసారి అటూ రాసింది, చంటిపిల్ల కంట్లో పుసి తీసినట్టు.

కొంగు మీద నల్లగా అయింది. ఫోటోలో కన్ను పోయింది. కింద మూసిన రెప్ప ఉంది. రెప్ప అంచున గీత.

గంగారత్నం దాన్ని చూసి బోను కర్ర పట్టుకుంది. ఆయనే. మూడేళ్ళుగా గోడ మీద కనబడని మనిషి ఆ సగం మొహంలో ఉన్నాడు.

"ఇటివ్వు," అన్నారు జడ్జీగారు.

ఫోటో బల్ల మీదికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. ఫోటోలో సూర్రావు ఒక కంటితో ఆయన్ని చూస్తున్నాడు, రెండోది మూసుకుని ఉన్నాడు. ఇద్దరు ప్లీడర్లూ దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. సత్తిరాజుగారు లేవబోయి, ఎవరూ పిలవలేదని కూర్చున్నారు.

"సూర్యనారాయణగారూ, ఇదేమిటి?" అని అడిగారు జడ్జీగారు.

సూర్యనారాయణ కోటు గుండీ పెట్టుకున్నాడు, విప్పుకున్నాడు.

"నీళ్ళ రంగండి. కన్ను నేను వేసిందే. మూసిన కళ్ళ మీద వేశానండి."

"మనిషి?"

"పోయాడండి అప్పటికి. కొల్లేట్లోనే తీశాను. గుడిసె ముందర."

"ఇందాక ప్రమాణం చేసి ఇంకోలా చెప్పారే."

"పెళ్ళిళ్ళకి పిలవరండి," అన్నాడు సూర్యనారాయణ. తరవాత ఎవరూ అడక్కుండానే ఇంకో మాట అన్నాడు. "కుర్చీ దోనెలో నా వెనకాలే వచ్చిందండి. రాజుగారి గుమాస్తా పట్టుకొచ్చాడు."

జడ్జీగారు చాలాసేపు రాసుకున్నారు. కలం చప్పుడు వినబడింది. గంగారత్నం ఇంకా బోనులోనే ఉంది, కొంగు తడిగానే ఉంది.

"అయ్యా," అంది, "ఇలా ఇత్తే రెండోది కూడా తుడిచేత్తాను."

"వద్దు," అన్నారు జడ్జీగారు తల ఎత్తకుండానే. "దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకటి తెరిచి, ఒకటి మూసి ఉంటేనే అది సాక్ష్యం."

బయట వరండాలో నిత్యానందంగారు నవ్వుతున్నాడు. వారంలో తీర్పు వస్తుందనీ, దిబ్బ ఎక్కడికీ పోదనీ, శవం చేత వేయించిన ఆ వేలిముద్ర సంగతి వేరేగా చూస్తాననీ గబగబా చెప్పాడు. గంగారత్నం అన్నిటికీ తల ఊపింది.

స్తంభం పక్కన సూర్యనారాయణ నిలబడి ఉన్నాడు. వాళ్ళు దగ్గరికి వచ్చాక అన్నాడు. "అమ్మా, ఫోటో చేతికొచ్చాక నా దగ్గరికి పట్రా. మళ్ళీ వేసిస్తాను. మీ అమ్మగారు ఎంతో ఇదిగా అడిగింది ఆ రోజు."

"వద్దండి. ఆ కళ్ళు మా నాన్నవి కావు."

"అందరికీ అవే వేస్తానమ్మా," అన్నాడాయన. "నాకొచ్చింది అవే."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచాడు. గంగారత్నం ప్లీడరుగారి వైపు తిరిగింది.

"రెండో కన్ను ఎప్పుడు మూయనిత్తారండి?"

నిత్యానందంగారికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపేశాడు. "కేసు తేలాక ఇస్తారమ్మా. రాజుగారు అప్పీలుకి వెళ్తారు, అదీ తేలాలి. పైకోర్టుకి వెళ్తే అదీ."

"అందాకా?"

"అందాకా అలాగే ఉంటుంది. భద్రంగానే ఉంచుతారు."

తలుపులోంచి కోర్టు హాలు కనబడుతోంది. బంట్రోతు కాగితాల కట్టకి తాడు కట్టి బీరువాలో పెడుతున్నాడు. గంగారత్నం అటే చూస్తూ నిలబడింది. ఇంటికెళితే నాన్నని తేలేదా అని తల్లి అడుగుతుంది.

"పోన్లేవే," అన్నాడు బంగారురాజు, తలపాగా చుట్టుకుంటూ. "మీ నాన్న ఎప్పుడూ ఒక కన్ను తెరుచుకునే కదా పడుకునేవోడు, వలలు ఎవడన్నా ఎత్తుకుపోతాడని."

గంగారత్నానికి నవ్వొచ్చింది. బీరువా తలుపు పడింది. బంట్రోతు తాళం వేసి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూశాడు.